పొలము కొనబోవువారు ముందుగా ఎవరియొద్ద నేర్చుకొనవలెను?

చదువవలసిన భాగములు: ఆదికాండము 23, యిర్మీయా 32:6–15, సామెతలు 31:16



ఇప్పుడు మన సంఘములలో ఏ ఇంటికి వెళ్లినను స్థలముల మాటయే వినబడుచున్నది. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల చేతికి గ్రాట్యుటీ సొమ్ము వచ్చుచున్నది. కువైటులో ఇండ్ల పనిచేయు తల్లులు, గల్ఫు ఆసుపత్రులలో నర్సులుగా నున్న కుమార్తెలు నెలనెల డబ్బు పంపుచున్నారు. హైదరాబాదులో ఉద్యోగము దొరికిన యౌవనస్థులు రెండేండ్లు తిరుగకముందే ఫ్లాటు కొనవలెనని తొందరపడుచున్నారు. వెనుకటివారు మిగిలిన రూపాయితో కొద్దిపాటి బంగారమో పాడిగేదెయో కొనెడివారు. ఇప్పుడు అందరి చూపు గజము ధర మీదనే నిలిచియున్నది.

ఆస్తి సంపాదించుట తప్పా ఒప్పా అను తర్కములోనికి ఈ పాఠములో పోము. ఇట్టి సొమ్ము మన జనులలో పెక్కుమందికి జీవితములో ఒక్కసారియే చేతికి వచ్చును. అది పోయిన యెడల మరల రాదు. ముప్పది యేండ్లు బడిలో పాఠము చెప్పి కూడబెట్టినది ఒక్క సంతకముతో పోవుట మా కన్నుల యెదుటనే జరిగినది. పోగొట్టుకొన్నవారు తెలివితక్కువవారు కారు. నేర్చుకొనవలసినవారియొద్ద గాక, అమ్మజూపువారియొద్ద నేర్చుకొనిరి. కాబట్టి మొదటి స్థలము కొనువాడు సొమ్ము కంటె ముందుగా సంపాదింపవలసినది మంచి గురువును. అట్టి గురువును గుర్తుపట్టు విధము ఎట్టిదో విచారింతము.

మొదట అబ్రాహాము చేసిన కొనుగోలు చూడుడి. శారా చనిపోయినప్పుడు అతనికి ఆ దేశములో సమాధికి చాలినంత నేలయైనను లేదు. అతడు పరదేశి. అయినను తిన్నగా ఎఫ్రోను ఇంటికి పోయి బేరమాడలేదు. ముందుగా ఆ చోటి పెద్దలతో మాటలాడి, వారి ద్వారా ఎఫ్రోనును అడిగించెను. మాటలు గవిని యొద్ద, అందరు వినుచుండగా జరిగెను. ఎఫ్రోను పొలమును గుహను ఊరకనే తీసికొమ్మనెను. అబ్రాహాము ఒప్పుకొనక, వెల చెప్పుమని పట్టుపట్టెను. నాలుగు వందల తులముల వెండి తూచి యిచ్చెను. అప్పుడు వ్రాయబడిన వివరము చూడుడి: పొలము, అందులోని గుహ, పొలములోను దాని పొలిమేరలోను ఉన్న ప్రతి చెట్టు. ఈనాడు దస్తావేజు వ్రాయువారు నాలుగు హద్దులు వ్రాసి, చెట్లు బావులతో సహా అని చేర్చుటకు ఇది మూలపురుషుని నాటి మాదిరి.

నాలుగు వందల తులములు మిక్కిలి హెచ్చు ధరయని వ్యాఖ్యాతలనేకులు తలంచుచున్నారు. కావచ్చును. అయితే ఊరకనే వచ్చు నేల కంటె, వెల చెల్లించి సాక్షుల యెదుట తీసికొన్న నేలయే తన పిల్లల పిల్లలకు నిలుచునని అతడెరిగియుండెను. ఈ దినములలో ‘స్థలము కొనిన యెడల రిజిస్ట్రేషను ఉచితము, బంగారు నాణెము ఉచితము’ అని గోడల మీద వ్రాయించువారిని చూచినప్పుడెల్ల మాకు ఎఫ్రోను తీపిమాట జ్ఞాపకమునకు వచ్చును.

ఇక అడిగి తెలిసికొనవలసిన మనుష్యుల సంగతి. స్థలము కొనినవాడు మన ఊరిలో కనబడగానే అతనిని గురువుగా ఎంచుట మనకు వాడుక. ‘నేను గజము 6,000కు కొంటిని, ఇప్పుడు 15,000 పలుకుచున్నది’ అని అతడు చెప్పును. కాని పలుకుట వేరు, చేతికి వచ్చుట వేరు. కొనినవాడు విద్యలో సగమే నేర్చినవాడు. అమ్మినవానిని వెదకుడి. కొనువాడు దొరకుటకు ఎన్ని నెలలు పట్టెను? అడిగిన ధరకు, వచ్చిన ధరకు ఎంత తేడా? మధ్యవర్తికి, పన్నుకు పోగా చేతిలో మిగిలినదెంత? ఈ మూడు ప్రశ్నలకు కాగితము మీద లెక్క చూపగలవాడు దొరికిన యెడల అతని అరుగు మీద ఒక పూట కూర్చుండుట మంచిది.

ఒక్క మనుష్యుని, ఒక్క కాలములో అడుగుట కూడ చాలదు. మా పల్లెకు అమరావతి దూరము కాదు గనుక ఈ సంగతి మేము దగ్గరనుండి చూచితిమి. 2014లో రాజధాని మాట బయలుదేరెను. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగెను. ఆ కాలమందు ఎవరిని అడిగినను భూమియే ధనమని చెప్పిరి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనువారు కనబడకపోయిరి. కుమార్తె వివాహము కొరకు అమ్మజూపినవారు బేరము లేక కన్నీరు విడిచిరి. 2024లో ప్రభుత్వము మారిన తరువాత పనులు మరల సాగినవి, ధరలు మరల లేచినవి. 2018లో అడిగినవానికి ఒక జవాబు, 2020లో అడిగినవానికి మరియొక జవాబు, నేడు అడిగినవానికి ఇంకొక జవాబు దొరకును. చెప్పినవారెవరును అబద్ధికులు కారు; ఒక్కొక్కడు తాను నిలుచున్న చోటినుండి చూచినది చెప్పెను. అప్పు లేనివారు ఆ అయిదేండ్లు ఓర్చుకొనగలిగిరి. వడ్డీకి తెచ్చి కొనినవారు ఓర్చుకొనలేకపోయిరి. అచ్చట నేర్చుకొనవలసిన పాఠములలో ధరల పాఠము కంటె ఇది గొప్పది.

పోగొట్టుకొన్నవారిని కూడ వెదకవలెను. వీరిని కనుగొనుట కష్టము, ఏలయనగా నష్టపోయినవాడు ఆ సంగతి దాచుకొనును. మేము సందర్శనమునకు పోయినప్పుడు ప్రార్థనయైన తరువాత, టీ త్రాగుచు, మెల్లగా చెప్పుకొనువారు కలరు. ఒక సహోదరి అంగన్‌వాడీలో పనిచేయును. చీటీ పాడి వచ్చిన సొమ్ముతో రెండు సెంట్లు తెల్లకాగితము మీద కొనెను. తరువాత విచారింపగా అది ప్రభుత్వము పేదవానికి పట్టా యిచ్చిన భూమి, అనగా అసైన్డ్ భూమి అని తేలెను. 1977 నాటి చట్టము అట్టి భూమిని అమ్ముటను నిషేధించుచున్నది. కొనినవానికి హక్కు రాదు, భూమిని వెనుకకు తీసికొనవచ్చును. ఆంధ్రప్రదేశములో 2023లో ఆ చట్టమును సవరించి, పట్టా పొంది 20 సంవత్సరములు దాటిన మొదటి పట్టాదారులకును వారి వారసులకును హక్కు కల్పించిరి. అయితే 2024లో అట్లు విడుదలయైన భూములపై విచారణ ఆరంభమై రిజిస్ట్రేషన్లు నిలిపిరి. కాబట్టి ‘ఇప్పుడు అన్నియు సరియైపోయినవి’ అను నోటిమాట నమ్మరాదు. తహసీల్దారు కార్యాలయములో ఆ సర్వే నంబరు పేరు పెట్టి అడుగవలెను. ఆ సహోదరి ఇప్పుడు ఇతర స్త్రీలతో, ‘నంబరు అడగండమ్మా, నాలాగ మనిషిని చూసి ఇవ్వకండి’ అని చెప్పుచుండుట మేము వింటిమి. ఈ విషయములో ఆమె మాకంటె గొప్ప బోధకురాలు.

కాగితములతో బ్రదుకువారు మరియొక తరగతి. దస్తావేజు లేఖరులు, పని విరమించిన రెవెన్యూ ఉద్యోగులు, సర్వేయర్లు, బ్యాంకులకు దస్తావేజులు పరీక్షించి యిచ్చు వకీళ్లు. మీకు అప్పు అక్కరలేకపోయినను, ఆ స్థలముపై ఏ బ్యాంకైనను అప్పు ఇచ్చునా అని విచారించుట మంచి పరీక్ష. మంచి వకీలునకు కొన్ని వేల రూపాయలు ఇచ్చుటకు మనవారు వెనుదీయుదురు. లక్షలు ఇచ్చుటకు వెనుదీయరు. ఇది మాకు ఎన్నడును అర్థము కాలేదు.

ఇక కొంచెము బాధగానే చెప్పవలసిన మాట. మన సంఘములలో స్థలములు అమ్మువారు బయలుదేరిరి. వారిలో యథార్థవంతులు కలరు. వారి పనిని మేము నిందింపము. కాని సంఘ సహవాసమే వారికి సంతయైనప్పుడు జాగ్రత్త పడవలెను. ‘అయ్యగారూ, మనవాడే అమ్ముతున్నాడండీ, ఇంక భయమెందుకు?’ అని మమ్మును అడుగుదురు. మనవాడు అను మాట మనుష్యుని గుణమును తెలుపునేమో గాని, సర్వే నంబరును గూర్చి ఏమియు తెలుపదు. అతనికి నూటికి ఇంతయని కమీషను కలదు. అది మీ సొమ్ములోనుండియే పోవును. కొన్ని చోట్ల కొనినవాడే మరి యిద్దరిని చేర్చవలెను, చేర్చిన కొలది అతనికి వాటా. అట్టివాడు తాను కొనిన స్థలము చెడ్డదని తెలిసినను చెప్పజాలడు. కావున గురువును ఎంచుకొనునప్పుడు మొదట అడుగవలసినది ఇదియే: నేను కొనిన యెడల నీకేమి వచ్చును? ఏమియు రానివాని మాటకు బరువెక్కువ. వచ్చునని దాచక చెప్పినవానికి రెండవ స్థానము ఇయ్యవచ్చును. కోపపడినవానిని విడిచిపెట్టుడి.

ఒకరు మా యొద్దకు వచ్చి, ఆరాధన ముగిసిన తరువాత తమ వెంచరును గూర్చి ప్రకటన చేయుమని కోరిరి. గుడికి ప్రహరీ కట్టించెదమని కూడ సెలవిచ్చిరి. మేము మూడు కాగితములు అడిగితిమి: రెరా నమోదు సంఖ్య, లే అవుటు అనుమతి ఉత్తరువు, మూల దస్తావేజు. ఆదివారము తెచ్చెదమనిరి. గుడికి ప్రహరీ ఇంకను లేదు.

ఆ మూడింటిని గూర్చి కొంత వివరింపవలెను. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టమునే రెరా అని పిలుచుచున్నారు. అయిదు వందల చదరపు మీటర్లు మించిన స్థలములో గాని, ఎనిమిదికి మించి ఫ్లాట్లు గాని వేసి అమ్మువాడు ముందుగా రాష్ట్ర రెరా సంస్థయొద్ద నమోదు చేసికొనవలెను. నమోదుకు ముందు ప్రకటన చేయుటయు, బుకింగు సొమ్ము పుచ్చుకొనుటయు తప్పు. ఈ నియమము ఇండ్ల స్థలముల లే అవుట్లకును వర్తించును. వ్రాతపూర్వకమైన అమ్మకపు ఒప్పందము రిజిస్టరు కాకముందు వెలలో పదియవ వంతుకు మించి పుచ్చుకొనరాదు. కొనువారిచ్చిన సొమ్ములో నూటికి డెబ్బది వంతులు ఆ పని కొరకే ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో ఉంచవలెను. ‘ప్రీలాంచి’ అని పేరు పెట్టి, అనుమతి రాకముందే తక్కువ ధరకు ఇచ్చెదమని మొత్తము సొమ్ము అడుగువారు ఈ నియమములన్నిటిని ఒక్కసారిగా మీరుచున్నారని గ్రహింపుడి.

దస్తావేజుల విషయములో మన జనులు ఇ.సి. అనబడు ఋణభార పత్రమును చూచి తృప్తిపడుదురు. అది మంచిదే. ముప్పది సంవత్సరములకు తీయించవలెను. కాని అది రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే చూపును. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకములు, కోర్టు వ్యాజ్యము, తెల్లకాగితపు ఒప్పందము అందులో కానరావు. మూల దస్తావేజును చేతబట్టుకొని చూడవలెను. జిరాక్సు ప్రతి మాత్రమే చూపువాడు మూలమును ఏ బ్యాంకులోనో కుదువబెట్టి యుండవచ్చును. అతనికి ఎవరు అమ్మిరి, వారికి ఎవరు అమ్మిరి అని వెనుకకు పోవు లింకు దస్తావేజులన్నియు గొలుసువలె కలియవలెను. మరియొక మాట. మన దేశములో రిజిస్ట్రేషను అనగా దస్తావేజును నమోదు చేయుట మాత్రమే; అమ్మినవానికి హక్కు కలదని ప్రభుత్వము పూచీ పడుట కాదు. ఇది తెలియక పెక్కుమంది మోసపోవుచున్నారు.

అమ్మువాని కుటుంబమును కూడ ఎరిగియుండవలెను. హిందూ కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానముగా కుమార్తెలకు హక్కు 2005 నాటి సవరణచే దేశమంతట స్థిరపడినది. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును: వీలునామా లేక చనిపోయినవానికి భార్యయు పిల్లలును ఉన్న యెడల, భార్యకు మూడవ వంతు పోగా మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమముగా చెందును. అయినను అన్నదమ్ములు మాత్రమే సంతకము చేసి అమ్ముటయు, పదియేండ్ల తరువాత అక్కచెల్లెండ్రు దావా వేయుటయు మన పల్లెలలో జరుగుచునే యున్నది. అందరి సంతకములు తీసికొనుడి. అత్తవారింటనున్న ఆడపడుచు సంతకము కొరకు పడు ప్రయాణము కోర్టు చుట్టు తిరుగు ప్రయాణము కంటె చిన్నది.

విదేశములలోనున్న మన సహోదరులు ప్రత్యేకముగా తెలిసికొనవలసినవి రెండు కలవు. అచ్చట నివసించు భారతీయుడు ఇచ్చట ఇల్లు గాని ఇంటి స్థలము గాని కొనవచ్చును. వ్యవసాయ భూమిని, తోటను, ఫార్మ్ హౌసును కొనుటకు మాత్రము విదేశీ మారక నిబంధనలు సాధారణముగా ఒప్పుకొనవు. వారసత్వముగా వచ్చినది ఉంచుకొనవచ్చును. కాబట్టి గుంటలలో అమ్ముచున్న ‘ఫార్మ్ ప్లాట్ల’ సంగతి ఫోనులో విని డబ్బు పంపుట తగదు. రెండవది పవర్ ఆఫ్ అటార్నీ సంగతి. ఆ కాగితము మీద జరిగిన అమ్మకము హక్కును మార్చదని, రిజిస్టరైన విక్రయ దస్తావేజు చేతనే హక్కు మారునని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పెను. పైగా ఆ అధికారము ఇచ్చినవాడు మరణించిన యెడల సాధారణముగా అది అంతరించును.

నేల స్వభావమును గూర్చి కొన్ని మాటలు. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనిన యెడల, 1970లో సవరింపబడిన 1959 నాటి నిబంధనల ప్రకారము అది చెల్లదు. దేవాదాయ, వక్ఫు, ప్రభుత్వ భూముల వంటివి నిషేధిత జాబితాలో ఉండును. 22-ఏ జాబితా అని అడిగిన యెడల రిజిస్ట్రేషను కార్యాలయములో చెప్పుదురు. చెరువు నిండినప్పుడు నీరు నిలుచునంత మేర ఎఫ్.టి.ఎల్. అని పిలువబడును. అందులో కట్టిన ఇండ్లను హైదరాబాదులో 2024లో హైడ్రా అను సంస్థ కూల్చినప్పుడు, రిజిస్టరు దస్తావేజులు చేతబట్టుకొని ఏడ్చినవారిని లోకమంతయు చూచెను. స్థలమును వానకాలములో చూడవలెనని పెద్దలు చెప్పుటకు ఇదియే కారణము. వేసవిలో ప్రతి చెరువును మైదానమువలె కనబడును.

కొలతలలో కూడ మోసము దాగును. ఎకరమునకు నూరు సెంట్లు, సెంటునకు 48.4 చదరపు గజములు. తెలంగాణలో ఎకరమునకు నలువది గుంటలు, గుంటకు 121 గజములు. అంకణము ఊరిని బట్టి మారును: నెల్లూరు వైపున 72 చదరపు అడుగులు, తిరుపతి వైపున 36. కావున దస్తావేజులో గజములు, నాలుగు వైపుల అడుగులు వ్రాయించుకొనుడి. సర్వేయరును పిలిచి కొలిపించునప్పుడు పొరుగువారిని కూడ పిలువుడి. హద్దురాయిని జరుపుట శాపగ్రస్తమైన కార్యమని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. అట్టి శాపమునకు భయపడనివారు ఇప్పుడు కలరు.

ఇప్పుడు లెక్క. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కింపవలెనని ప్రభువు చెప్పిన ఉపమానమును మనము ఆత్మీయముగా ఎన్నియోసార్లు బోధించితిమి; ఒక్కసారి ఉన్నదున్నట్టు పాటింతము. నూటయేబది గజముల స్థలము, గజము 12,000 చొప్పున 18 లక్షలు అనుకొందము. స్టాంపులు, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి మన రెండు రాష్ట్రములలోను సుమారు నూటికి ఏడున్నర, అనగా 1,35,000. మొత్తము 19,35,000 రూపాయలు చేతినుండి పోవును. అదే సొమ్ము నూటికి ఏడు వడ్డీకి అయిదేండ్లు బ్యాంకులో వేసిన యెడల 27 లక్షలు దాటును. స్థలము దానికి సమానము కావలెననగా అయిదేండ్లకు గజము 18,000 పైగా నిజముగా అమ్ముడుపోవలెను, పలికిన చాలదు. ఖాళీ స్థలము ఈలోగా గింజయైనను పండించదు.

అద్దె ఇంటి లెక్క వేరు. ముప్పది లక్షల ఇంటికి నెలకు 9,000 అద్దె వచ్చినదనుకొందము. సంవత్సరమునకు 1,08,000. ఒక నెల ఖాళీగా నుండినందుకు 9,000, పన్నునకు మరమ్మతులకు 15,000 తీసివేసిన యెడల 84,000 మిగులును. నూటికి మూడు కూడ రాలేదు. ఇల్లు కొనవద్దని మా భావము కాదు. నెలనెల వచ్చు అద్దె విధవరాలికి ఆధారము, ఇంటి విలువ పెరుగుటయు కలదు. కాని అప్పుకు నూటికి తొమ్మిది వడ్డీ కట్టుచు, అద్దెకు నూటికి మూడు తెచ్చుకొని, ‘అద్దెయే వాయిదా కట్టును’ అని చెప్పువాని లెక్క ఎచ్చటను కుదరదు.

ఈ సందర్భమున సామెతల గ్రంథములోని గుణవతియైన స్త్రీని జ్ఞాపకము చేసికొందము. ఆమె పొలమును చూచి, విచారించి, ఆ పిమ్మట కొనెను. తాను కూడబెట్టిన దానితో ద్రాక్షతోట నాటించెను, అనగా నేలను ఊరక ఉంచక ఫలింపజేసెను. మన స్త్రీల సమాజములలో ఈ అధ్యాయమును వంట కుట్టుపనుల కొరకే చదువుట వాడుకయైనది. గల్ఫులో కష్టపడు స్త్రీల డబ్బుతో కొనిన స్థలములు భర్త పేరనో అన్న పేరనో ఉండుట మేము చూచుచున్నాము. సంపాదించినవారి పేరనే దస్తావేజు ఉండుట న్యాయము.

మరి క్రొత్తవాడు ఎట్లు ఆరంభింపవలెను? మా సలహా ఇది. మొదటి సంవత్సరము కొనవద్దు. ఒక నోటుబుక్కు తీసికొనుడి. మీరు నడిచి లేక బస్సులో పోయి చూడగల పది స్థలములను ఎంచుకొని, ప్రతిదాని సర్వే నంబరు, అడిగిన ధర, ప్రభుత్వ విలువ, తేదీ వ్రాయుడి. కొనినట్లే భావించి కాగితములు అడుగుడి. ఆరు నెలలకు మరల పోయి, ఏది అమ్ముడుపోయెను, ఎంతకు, ఏది అట్లే పడియున్నది అని వ్రాయుడి. ఎవరైనను రిజిస్ట్రేషనుకు సాక్షిగా రమ్మని పిలిచిన యెడల, వారి గుర్తింపు ఎరిగినవారైనప్పుడు, పోయి అక్కడ జరుగునదంతయు చూడుడి. ఒక్క పూటలో నేర్చుకొనునది ఎక్కువ. పొరుగున పొలము దున్నువానిని అడుగుడి: ఇది ఎవరిది, ఎందుకు అమ్ముచున్నారు, ఇంతకుముందు ఎవరైనను బయానా యిచ్చి వదలుకొనిరా? అమ్ముటకు గల కారణము తెలియని చోట కొనరాదు. అది ఆసుపత్రి ఖర్చుల కొరకు అమ్మువాని నేలయైన యెడల, అతని కష్టమును చూచి ధర నొక్కుట మనకు తగదు. నాబోతు ద్రాక్షతోట కథ మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలియును.

మొదటి కొనుగోలు చిన్నదిగాను, దగ్గరగాను ఉండనీయుడి. సంవత్సరమునకు నాలుగుసార్లు మీ కాలు అక్కడ పడవలెను. నలుగురు స్నేహితులు కలిసి కొనిన యెడల నలుగురి పేర్లు, నలుగురి వాటాలు దస్తావేజులో వ్రాయించుకొనుడి. స్నేహమును కాపాడునది ఆ వ్రాతయే. సొమ్ము బ్యాంకు ద్వారానే చెల్లింపుడి. స్థిరాస్తి అమ్మకములో ఇరువది వేలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము 2015 నుండి నిషేధించుచున్నది. ‘సగము తెలుపు, సగము నలుపు’ అని అడుగువాడు దొరకని స్థలము లేదని కొందరనెదరు. దొరకువరకు వెదకుడి.

చివరగా యిర్మీయా. సిద్కియా పదియవ సంవత్సరమున యెరూషలేము ముట్టడిలో నుండగా, తాను బందీగృహ ప్రాకారములో నుండగా, పినతండ్రి కుమారుడైన హనమేలు పొలమును పదియేడు తులముల వెండికి కొనెను. ధరలు పడినప్పుడు కొనవలెననుటకు ఈ భాగమును ఆధారముగా చూపినవారిని మేము వింటిమి. అది ఈ భాగమునకు అర్థము కాదు. ఆ పొలము వలన తాను లాభము పొందడని ప్రవక్త బాగుగా ఎరుగును. దేశములో మరల ఇండ్లును పొలములును కొనబడునను దేవుని వాగ్దానమునకు అది గురుతు. కాని అతడు ఆ పనిని చేసిన తీరు మనకు మాదిరి. గురుతు కొరకైనను అతడు పని సగముగా చేయలేదు. సాక్షులను పిలిచెను, వెండి తూచెను, వ్రాసి ముద్రవేసెను. ముద్రగల పత్రము ఒకటి, ముద్రలేని పత్రము ఒకటి, రెండింటిని బహుదినములుండునట్లు మట్టికుండలో పెట్టుమని అందరి యెదుట బారూకునకు అప్పగించెను.

మనకును కొనిన తరువాత పని కలదు. పన్ను పుస్తకములో పేరు మార్పించుకొనవలెను. పొలమైన యెడల పట్టాదారు పాసుపుస్తకము తీసికొనవలెను. తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను 2020 నుండి తహసీల్దారు కార్యాలయములో జరుగుచున్నది, ధరణికి బదులు 2025లో భూభారతి వచ్చినది. ఆంధ్రలో మీభూమిలో పేరు చూచుకొనవచ్చును. రాళ్లు పాతించి కంచె వేయవలెను. ఇ.సి. ఏటేట ఒకసారి తీసి చూడవలెను.

పిమ్మట ఆ కుండ ఎక్కడ ఉన్నదో ఇంటిలోనివారికి తెలియవలెను. గత సంవత్సరము మేము ఒక సహోదరుని భూస్థాపన చేసితిమి. అతడు కొనిన స్థలము సంగతి భార్యకు తెలియును, ఊరు తెలియదు. పెట్టెలో రసీదు ఒకటి దొరికినది. దాని మీద సర్వే నంబరు చెరిగిపోయినది. సమాధి కార్యమునకు వచ్చిన అతని స్నేహితులలో ఒకడు రిజిస్ట్రేషనునాడు సాక్షిగా పోయినవాడు. అతడే ఆమెను వెంటబెట్టుకొని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయి, తేదీ చెప్పి, దస్తావేజు నకలు తీయించి యిచ్చెను.